డేవిడ్ రాజు బిగించిన చక్రం

గోపాలపట్నంలో క్లచ్ పనికి డేవిడ్ రాజు షెడ్డు ఎక్కడ అని అడిగితే పాలబూతు దగ్గర్నుంచి పండ్ల బండి దాకా ఎవరైనా దారి చెప్తారు. దారి చెప్పి ఊరుకోరు, "టీ తాగి రా" అని కూడా అంటారు. కొత్తవాళ్ళు షెడ్డు పక్కన మంచి టీకొట్టు ఉందేమో అనుకుంటారు. టీకొట్టూ లేదు, పాడూ లేదు. అది డేవిడ్ రాజు తనకు తాను పెట్టుకున్న ఆచారం.

క్లచ్ పనో గేరుబాక్సు పనో పూర్తయ్యాక బండి స్టార్ట్ చేస్తాడు. గాజు గ్లాసు నిండా, అంచు దాకా, టీ పోయించి ఇంజను మీద పెడతాడు. చేతులు కట్టుకుని నిలబడి, చర్చిలో పాడే పాట ఒక చరణం కూనిరాగం తీస్తాడు. ఆ చరణం అయ్యేలోగా టీ చుక్క తొణక్కూడదు. తొణకలేదా, ఆ గ్లాసు తీసి బండి యజమాని చేతికిస్తాడు. ఆయన తాగాక తాళాలు ఇస్తాడు. తొణికిందా, ఇక ఆ బండి షెడ్డు దాటదు. యజమాని పెళ్ళికి పోవాలన్నా, రైలెక్కాలన్నా ఆటో చూసుకోవాల్సిందే.

మీకు నవ్వొస్తే నవ్వండి. గోపాలపట్నం వాళ్ళూ మొదట్లో నవ్వినవాళ్ళే. కానీ ఆ టీ తాగి వెళ్ళిన బండి మళ్ళీ అదే జబ్బుతో వెనక్కి రాదని తెలిశాక నవ్వు మానేసి వరసలో నిలబడ్డారు. డేవిడ్ రాజు భార్య జయశీల మాత్రం ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఏసు ప్రభువు తర్వాత ఈయన నమ్మేది ఆ టీ గ్లాసునే అంటుంది. ఆవిడ స్కూల్లో టీచరు, నోటికి ఎదురు లేదు.

ఈ పిచ్చి ఆయనకి లారీల దగ్గర అంటుకుంది. తండ్రి పోర్టులో కళాసీ. పదో తరగతి గట్టెక్కగానే కొడుకుని మర్రిపాలెంలో ఒక లారీ మేస్త్రీ దగ్గర పెట్టాడు. ఆ మేస్త్రీ బండిని నడిపి చూసేవాడు కాదు. స్టార్ట్ చేసి, బోనెట్ మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "దీనికి ఫలానా రోగం" అనేవాడు. నిలబడ్డప్పుడు ఒణకని ఇంజనే ఆరోగ్యంగా ఉన్న ఇంజను. డేవిడ్ రాజు నేర్చుకున్న మొదటి పాఠం అది, ఆ తర్వాత దాన్ని ఎన్నడూ మార్చుకోలేదు. తనకంటూ కారు కొనుక్కోలేదు. ఉన్నది ఒక స్కూటరు. జనం కార్లు మాత్రం షెడ్డులోంచి బయటికి తీసి, ఎన్ఏడీ ఫ్లైఓవరు దాకా నెమ్మదిగా పోనిచ్చి, వెనక్కి తెచ్చేవాడు. ఆయన డ్రైవింగు మొత్తం అంతే.

అలాంటి మనిషి దగ్గరికి ఒక సోమవారం పొద్దున్న మహేశ్వరి ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చింది.

మహేశ్వరిది యారాడ. వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. తమ్ముడు ఇప్పటికీ బోటు మీద వెళ్తాడు, తల్లి చిట్టమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. ఈమె చదువుకుని పోర్టులో క్రేను ఆపరేటరయింది. కిందనున్న మనుషులు చీమల్లా కనపడేంత ఎత్తులో కూర్చుని కంటైనర్లు ఎత్తి దించుతుంది. జీతంలో కొంత కొంత దాచి, ఒక రిటైరైన ఓడ కెప్టెను ఇంట్లో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న నీలం రంగు స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. రెండే డోర్లు, రెండే సీట్లు, గేర్లన్నీ చేత్తోనే. చిట్టమ్మ దాన్ని చూసి, చేపల గంప ఎక్కడ పెడతారే ఇందులో అని అడిగిందట.

మహేశ్వరి పెట్టె విప్పి లోపలున్నది బల్ల మీద పెట్టింది. కొత్త ఫ్లైవీల్. ఇంజనుకీ క్లచ్చికీ మధ్యలో తిరిగే ఇనప చక్రం అది. మామూలుది ఎత్తితే నడుం పట్టుకుంటుంది. ఆ బరువు వల్లే ఇంజను ఒక ఊపు మీద తిరుగుతూ ఉంటుంది, నిలబడ్డప్పుడు కుదుపు తెలియనివ్వదు, క్లచ్ కాస్త అటూ ఇటూ వదిలినా బండి ఆగిపోనివ్వదు. ఇప్పుడీ పిల్ల తెచ్చింది సగం బరువు కూడా లేదు. డేవిడ్ రాజు ఒంటిచేత్తో ఎత్తి చూశాడు.

"ఇదేటి తల్లీ, సెక్రమా అప్పడమా?"

"కోయంబత్తూరు నుంచి తెప్పించాను బాబాయ్. పాతది తీసేసి ఇది బిగించాలి."

"బరువేదీ దీంట్లో?"

"బరువు లేకపోవడమే కావాల నాకు. వచ్చే ఆదివారం ఆటోక్రాసు ఉన్నాది. మైదానంలో కోన్లు పెడతారు, వాటి మద్దినించి తిప్పుకుంటా పోవాల. పాత సెక్రం బరువుకి ఇంజను నిదానంగా లెగుస్తాది, నిదానంగా దిగుతాది. నాను గేరు దించి అది అందుకునేసరికి మలుపు ఎల్లిపోతన్నాది. కిందటేడు అలాగే పోనాది నాకు."

డేవిడ్ రాజు తల ఊపాడు. చెప్పాల్సింది చెప్పాడు కూడా. నిలబడ్డప్పుడు ఒణుకుతుంది, గేరుబాక్సు గలగలమంటుంది, క్లచ్ వదిలేటప్పుడు కాలు ఏమాత్రం తేడా వచ్చినా ఆగిపోతుంది, యారాడ కొండ మీద ఎత్తులో ఆపి తియ్యడం ఇదివరకటంత సులువు కాదు అన్నాడు.

"తెలుసు బాబాయ్. అన్నీ సదువుకునే ఒచ్చాను. ఇంకో షెడ్డువాడికి ఇవ్వబుద్ధి కాక నీ దగ్గరికి తెచ్చాను. బిగిత్తావా?"

"సరే," అన్నాడు డేవిడ్ రాజు.

వద్దనుకుంటే అప్పుడే వద్దనొచ్చు. నాకు చేతకాదమ్మా అంటే ఎవరూ నేరం అనరు. సరే అన్నాడు. ఆయన సరే అన్నాడంటే గోపాలపట్నంలో అది పని అయిపోయినట్టే లెక్క.

పని చక్కగానే చేశాడు. అందులో వంక పెట్టడానికి లేదు. డేవిడ్ రాజు, బాబీ కలిసి గేరుబాక్సు దించారు. బాబీ జయశీల తమ్ముడు. నలభై దాటినవాడు, పెళ్ళాంబిడ్డలున్నవాడు, అదే షెడ్డులో పని నేర్చుకుని అక్కడే స్థిరపడిపోయాడు. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. పాత చక్రం తీసి గోడవార పెట్టారు. కొత్తది ఎక్కించి, బోల్టులు ఎంత బిగువు కావాలో అంత బిగువుకి లాగి, క్లచ్ నడిమధ్యకి సరిచేసి, గేరుబాక్సు మళ్ళీ ఎత్తి కలిపారు. స్టార్ట్ చేశాడు.

బండి ఒణికింది. గేరుబాక్సులో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు. డేవిడ్ రాజు మొహం చిట్లించుకుని టీ తెమ్మన్నాడు. గ్లాసు పెట్టి చరణం ఎత్తుకున్నాడో లేదో, టీ తొణికి ఇంజను మీద పడి చుయ్యిమంది.

"అంతే బావా. ఈ సెక్రానికి ఇలాగే ఉంటాది," అన్నాడు బాబీ. "కాసింత ఐడిలింగు పెంచు."

నిలబడ్డప్పుడు ఇంజను తిరిగే వేగం కాస్త పెంచాడు. కుదుపు తగ్గింది గానీ పోలేదు. రెండో గ్లాసూ తొణికింది. తనే ఎక్కడో తప్పు చేశాననుకుని మర్నాడు గేరుబాక్సు మళ్ళీ దింపించాడు. అంతా వెతికాడు. తప్పేం లేదు. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అదే ఒణుకు. పక్క షెడ్డు కుర్రాళ్ళు తొంగి చూసి, "ఏటి డేవిడన్నా, టీ నిలబడట్లేదేటి?" అని కిసుక్కుమన్నారు. ఒళ్ళు మండిపోయింది ఆయనకి.

తర్వాతి రోజు మధ్యాహ్నం, బాబీ క్యారేజీ కడుక్కుంటుండగా, డేవిడ్ రాజు జాకీ లాక్కొచ్చి బండి కింద పెట్టాడు.

"మళ్ళీ ఏటి బావా?"

"పాత సెక్రం బిగించేత్తాను."

బాబీ చేతిలో క్యారేజీ గిన్నె అలాగే ఉండిపోయింది. "ఆ గుంట బిగించమన్నదేటి, నువ్వు బిగిత్తన్నదేటి?"

"ఆ గుంట రోజూ యారాడ కొండెక్కి దిగుతాది. ఎత్తు మీద బండి ఆగిపోయి ఎనక్కి జారితే? ఎనకాల బస్సుంటే? సిట్టమ్మకి నాను ఏటి సమాధానం సెప్పాల?"

"ఆ మాట ఆవిడకి సెప్పు మరి."

"సెప్తే ఒప్పుకోదు."

"ఒప్పుకోదని తెలిసి కూడా సేత్తన్నావా? ఇది బాగోదు బావా."

"నోర్ముయ్యి. జాకీ ఎత్తు."

కొండ సంగతి అబద్ధం కాదు. ఆ భయం ఆయనకి నిజంగానే ఉంది. కానీ కొండ కోసమే అయితే మొదటి రోజే పని ఒప్పుకునేవాడు కాదు. టీ తొణికింది, పక్క షెడ్డు వాళ్ళు నవ్వారు, ఒణికే బండి తన చేతి మీదుగా బయటికి పోతోంది. అదీ అసలు బాధ. మనసులో ఇంకో లెక్క కూడా ఉంది. చక్రం గేరుబాక్సు వెనకాల మూతపడిపోతుంది. ఏం బిగించాడో బిగించినవాడికి, పైనున్న దేవుడికి తప్ప మూడోవాడికి కనపడదు. కొత్తది బిగించామంటే చాలు, సగం మందికి బండి రెక్కలొచ్చి ఎగిరినట్టే అనిపిస్తుంది. ఈ పిల్లకీ అలాగే అనిపిస్తుందిలే అనుకున్నాడు.

పాత చక్రం లోపలికి పోయింది. కొత్తది గోనెసంచిలో చుట్టి బల్ల కిందకి తోశాడు. స్టార్ట్ చేసి గ్లాసు పెట్టాడు. టీ అద్దంలా నిలబడింది.

సాయంత్రం డ్యూటీ దిగి మహేశ్వరి వచ్చింది. "బిగించీసావా బాబాయ్?"

"ఆ," అన్నాడు డేవిడ్ రాజు.

ఒక్క అక్షరం. ఆమె ఇంజను చప్పుడు విని, "ఇదేటి, ఇంత మెత్తగా ఉన్నాది? ఒణుకుతాది అన్నావు?" అంది. సెట్ చేశానమ్మా అని నీళ్ళు నమిలాడు. ఆమె మెచ్చుకుంది. టీ తాగింది. వెళ్తూ వెళ్తూ తల్లి పంపిన వంజరం ముక్కల పొట్లం చేతిలో పెట్టింది. ఆ రాత్రి జయశీల పులుసు పెట్టి వడ్డిస్తే మొదటి ముద్ద దగ్గరే చెయ్యి ఆపేశాడు.

"ఏటండీ, ముల్లు గుచ్చుకున్నాదా?" అని అడిగింది జయశీల.

"ముల్లేటి లేదు," అన్నాడు. బాబీ కూడా అక్కడే తింటున్నాడు. వాడు తల వంచుకుని, జీవితంలో మొదటిసారి, ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తలుపు తీసేసరికి నీలం కారు రోడ్డు వార నిలబడి ఉంది. మహేశ్వరి తిడుతుందనుకున్నాడు డేవిడ్ రాజు, నలుగురిలో అరుస్తుందనుకున్నాడు. ఆమె పక్క సీటు తలుపు తీసింది.

"ఎక్కు బాబాయ్. ఒకసారి యారాడ దాకా పోయొద్దాం."

ఎక్కాడు. ఎన్ఏడీ దాటి, గాజువాక వైపు తిరిగి, మల్కాపురం మీదుగా కొండ మొదలయ్యే దాకా ఆమె తిన్నగా పోనిచ్చింది. మొదటి ఎత్తు దగ్గర ఆమె మూడో గేరులోంచి రెండులోకి దించి, యాక్సిలరేటరు మీద కాలు తాటించింది. ఇంజను మూలిగి, తీరుబడిగా లేచింది. రెండో మలుపు దగ్గర మళ్ళీ దించింది. మళ్ళీ అదే.

"ఇన్నావా?"

డేవిడ్ రాజు విన్నాడు. ఆ చెవులకి వినపడకపోవడం ఉండదు.

ఆమె బండి పక్కకి తీసి ఆపింది. కింద ఎక్కడో ఓడ హారను మోగుతోంది. "ఇది నా పాత బండే బాబాయ్. నాను రోజంతా సేతిలో లివర్లు పట్టుకునే కూకుంటాను. లివరు ఎంత తోస్తే అంతే కదలాల. కదలకపోతే కింద మనుసులుంటారు. సేతికి తెలుస్తాది నాకు. నిన్న ఇంటికెళ్ళే లోపునే తెలిసిపోనాది. నా సెయ్యే తప్పేమో అనుకున్నాను. నీ మీద అనుమానం రాక, పొద్దున్న మళ్ళీ కొండెక్కి సూసుకున్నాను."

"నీ మంచికే తల్లీ. ఈ ఎత్తు మీద ఆగిపోతే..."

"నా మంచి అయితే నాకు సెప్పి సెయ్యి. సెప్పకుండా సేత్తే అది మంచి కాదు బాబాయ్, మోసం."

డేవిడ్ రాజుని ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. తల కొట్టేసినట్టయింది. కోపం వస్తే బాగుండుననుకున్నాడు. కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. కిటికీలోంచి కింద కనపడే సముద్రం వైపు మొహం తిప్పుకున్నాడు.

"తప్పే," అన్నాడు చివరికి. "టీ తొణికిందని సేసినాను. కొండ కోసం కాదు. ఇవాళే మార్చేత్తాను."

"మార్చు. నానూ అక్కడే ఉంటాను."

ఉండటమంటే అలా ఇలా కాదు. షెడ్డులో పని జరిగేచోట ఇంతవరకూ బండి యజమానులెవరూ నిలబడలేదు. నిలబడొద్దని ఎవరూ చెప్పలేదు, నిలబడాలని ఎవరికీ తోచలేదు, అంతే. మహేశ్వరి పోర్టుకి ఫోను చేసి సెలవు పెట్టింది. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని గేరుబాక్సు పక్కనే కూర్చుంది. ఫోను చూసుకోలేదు, కబుర్లు చెప్పలేదు, చూపు పక్కకి తిప్పలేదు. ఎన్నో బండ్లు విప్పినవాడే డేవిడ్ రాజు. ఆరోజు మాత్రం ఒక బోల్టు జారి కిందపడితే వంగి తీసుకోడానికి కూడా మొహమాటపడ్డాడు. అడిగిన స్పానరు అడిగినట్టు బాబీ అందించాడు.

గోనెసంచి విప్పి తేలిక చక్రం బయటికి తీసినప్పుడు ఆమె ఒక్కసారి దాని వైపు చూసి, తర్వాత ఆయన మొహం వైపు చూసింది.

చక్రం ఎక్కించి, బోల్టులు బిగించి, క్లచ్ పెట్టే ముందు డేవిడ్ రాజు ఆగాడు. లైటు ఆ వైపు తిప్పాడు.

"రా తల్లీ. మూసే ముందు సూసుకో."

ఆమె వంగి చూసింది. ముట్టుకోబోతే, "సెయ్యి పెట్టకు, సెమట తగిలినా క్లచ్చి జారుతాది" అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. చక్రం మీద అచ్చువేసిన అంకెలు పెట్టె మీది అంకెలతో సరిపోల్చుకుంది. "ముయ్యి" అంది. అప్పుడు మూశారు.

స్టార్ట్ చేశాడు. ఒణికింది. బాబీ అలవాటు కొద్దీ టీ తెచ్చాడు. డేవిడ్ రాజు ఆ గ్లాసు అందుకుని ఇంజను దాకా పోనివ్వకుండా తిన్నగా మహేశ్వరి చేతిలో పెట్టాడు. ఆమె సగం తాగి, తాళాలు ఆయనకే ఇచ్చింది.

"నువ్వే నడుపు. కొండ దాకా."

"నానా? ఎన్ఏడీ దాటి ఏనాడూ..."

"అందుకే."

షెడ్డు గుమ్మం దాటకుండానే బండి ఆగిపోయింది. మళ్ళీ తీశాడు. ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్కులో మళ్ళీ ఆగిపోయింది. వెనకాల హారన్లు. పక్కనున్న ఆటోవాడు తల బయటపెట్టి చూసి గుర్తుపట్టాడు. "ఓలమ్మో, డేవిడన్నా! నీకే క్లచ్చి రాదేటి?" అని అరిచాడు. మహేశ్వరి మొహం అటు తిప్పుకుని నవ్వాపుకుంది. డేవిడ్ రాజుకి చెమటలు పట్టాయి.

"కాసింత ఎక్కువ తొక్కి, బేగి వదిలీ బాబాయ్. లారీ అనుకోకు దీన్ని."

మల్కాపురం చేరేసరికి కాలికి కొంచెం అర్థమైంది. కొండ మొదలైంది. మొదటి ఎత్తు దగ్గర ఆమె చెప్పినట్టే మూడులోంచి రెండులోకి దించి పాదం తాటించాడు. కాలు ఇంకా పైకి రాకముందే ఇంజను ఎగిరి వచ్చి చేతికి అందింది. ఉలిక్కిపడ్డాడు. ఇంకో మలుపు. మళ్ళీ తాటించాడు. మళ్ళీ అలాగే, అనుకున్నదే ఆలస్యం, అక్కడ ఉంది. షెడ్డులో గులకరాళ్ళలా గలగలమన్న గేరుబాక్సు ఇప్పుడు చప్పుడే చెయ్యట్లేదు. డేవిడ్ రాజు, యాభై దాటిన మనిషి, చర్చి పెద్ద, గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆగలేదు. మలుపు మలుపుకీ నవ్వుతూనే ఉన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి, వాటిని తుడుచుకోడానికి స్టీరింగు వదల్లేదు.

పైన, రోడ్డు యారాడ వైపు దిగడం మొదలయ్యేచోట ఆపాడు. బండి నిలబడి ఒణుకుతోంది. ఆయన దాన్ని ఆపలేదు, కాసేపు అలాగే ఒణకనిచ్చాడు.

"ఇన్నాళ్ళూ నిలబెట్టే సూసినాను తల్లీ బళ్ళన్నిటినీ. జనం ఇందుకు కొనుక్కుంటారని నాకు తెలీలేదు."

"అడిగితే సెప్పుదును కదా," అంది మహేశ్వరి. ఆ గొంతులో కోపం లేదు. అందుకే డేవిడ్ రాజుకి కాస్త ధైర్యం వచ్చి, ఉండబట్టలేక, "మళ్ళీ నా దగ్గరికి ఒత్తావా మరి?" అని అడిగాడు.

ఆమె వెనక్కి తిరిగి రోడ్డు చూసింది, బెల్టు సవరించుకుంది.

"ఒత్తాను బాబాయ్. నీ పని బాగుంటాది. కానీ మూసే ముందు నాను సూత్తాను. ఎప్పుడూ, ప్రతిసారీ."

"అలాగే," అన్నాడు. ఆ మాట న్యాయమే. న్యాయమని తెలిసే కొద్దీ ఎక్కువ బాధపెట్టింది. కొండెక్కినంతసేపూ ఉన్న సంతోషం కొండ దిగేటప్పుడు లేదు.

ఆదివారం మొదటి ఆరాధన కాగానే డేవిడ్ రాజు, బాబీ స్కూటరు మీద ఆటోక్రాసుకి వెళ్ళారు. ఆరాధనలో కూడా ఆయన మనసు మైదానం మీదే ఉందని జయశీల తర్వాత నెలరోజులు సాధించింది. మహేశ్వరి మొదటిసారి బయల్దేరే గీత దగ్గరే క్లచ్ తప్పి బండి ఆపేసుకుంది, తర్వాత ఒక కోను పడగొట్టింది. రెండోసారి బాగా తిప్పింది. పెద్ద బహుమతులేం రాలేదు. కిందటేడు కంటే చాలా నయం అంది, తల్లికి ఫోను చేసి అరుచుకుంటూ చెప్పింది. డేవిడ్ రాజు దూరంనుంచి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

ఆ మరుసటి వారం పద్మావతి వచ్చింది. స్కూలు వ్యాను నడుపుకునే మనిషి. భర్త పోయినప్పట్నుంచి ఆ వ్యానే ఆమెకి ఆధారం. దాని బాగోగులన్నీ డేవిడ్ రాజు షెడ్డులోనే. క్లచ్ ప్లేటు అరిగిపోయింది, కొత్తది వెయ్యాలి. వ్యాను అప్పగించి బయట బెంచీ మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. లోపల పని దాదాపు అయిపోయింది. బాబీ గేరుబాక్సు ఎత్తడానికి జాకీ సర్దుతున్నాడు.

"ఆగు," అన్నాడు డేవిడ్ రాజు. చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చాడు. "పద్మావతమ్మా, ఒకసారి లోపలికి రా. ముయ్యక ముందు సూసుకుందువు గాని."

పద్మావతి చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళోంచి తియ్యలేదు. "నానేటి సూసేదన్నా! నాకేటి తెలుస్తాది లోపల? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా సూసినానా? నువ్వు సేసినావంటే సేసినట్టే కదా."

నెల కిందట ఆ మాట వింటే డేవిడ్ రాజు వారం రోజులు పొంగిపోయేవాడు. ఇంటికెళ్ళి జయశీలకి చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ మాట వినగానే ఎక్కడో కలుక్కుమంది. ఆమె ఇంకా అదే నమ్మకంతో, అదే నవ్వుతో, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దున్న లేస్తే ఆ వ్యానులో ఇరుక్కుని కూర్చునే పిల్లలు ఆయన కళ్ళ ముందు కదిలారు.

"కాదమ్మా," అన్నాడు.

"ఏటి కాదు?"

"ఒకసారి సెప్పిందొకటి, సేసిందొకటి. ఈ షెడ్డులోనే, ఈ సేతులతోనే. నీకు కాదులే, ఇంకొకరికి." ఆయన గుమ్మం పక్కకి తప్పుకున్నాడు. "రా. నువ్వు సూత్తే గానీ నాను ముయ్యలేను."

పద్మావతి నవ్వు ఆగిపోయింది. ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి, గిన్నె బెంచీ మీద పెట్టి లేచింది. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, పైట బిగించుకుని, వ్యాను పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. డేవిడ్ రాజు లైటు పట్టుకున్నాడు.